మెదడుకి కరెంటు ఇచ్చేముందు మెదడు మాట వినాలి కదా

తలకి కరెంటు అనగానే చాలామందికి షాక్ ట్రీట్‌మెంటే గుర్తొస్తుంది, అందుకే ముందు ఆ రెండిటినీ విడదీసి చెప్పేస్తా. షాక్ ట్రీట్‌మెంట్ అంటే ఈసీటీ, అందులో మత్తు ఇచ్చి, దాదాపు 800 మిల్లీయాంప్‌ల కరెంటుని చిన్న చిన్న పల్సులుగా కొన్ని సెకన్లు పంపి, కావాలనే ఒక ఫిట్ తెప్పిస్తారు. తీవ్రమైన డిప్రెషన్‌కి అది ఈరోజుకీ బాగా పనిచేసే వైద్యం, దాన్ని నేనేమీ తక్కువ చేయట్లేదు. కానీ ఇవాళ రాస్తున్నది దానికి కొన్ని వందల రెట్లు తక్కువ కరెంటు గురించి. 1 లేదా 2 మిల్లీయాంప్‌లు, ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజ్ ఎలక్ట్రోడ్‌లు, 20 నిమిషాలు, మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుని ఉంటాడు, మత్తు ఉండదు, కోత ఉండదు, ఫిట్ రాదు. దీన్నే టీడీసీఎస్ అంటారు. ఇలా ఒకే దిశలో పారే కరెంటు బదులు ఒక లయలో ఊగే కరెంటు పంపితే టీఏసీఎస్. అయస్కాంతంతో పల్సులు ఇస్తే టీఎంఎస్, అది కొంచెం వేరే సంగతి, మధ్యలో దాని ప్రస్తావన కూడా వస్తుంది.

నేను ఈఈజీ సిగ్నల్స్ మీద పని చేసే మనిషిని, అంటే తల మీద నుంచి వచ్చే విద్యుత్ తరంగాలని శుభ్రం చేసి అందులో ఏముందో వెతకడం నా పని, కాబట్టి ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఈ ఫీల్డ్‌లో చాలా ఏళ్లు కరెంటు పంపడం మీదే మనసు పెట్టారు, పంపేటప్పుడు లోపల ఏం జరుగుతోందో వినడం మీద పెట్టలేదు. ఇప్పుడు ఆ వినడం మొదలైంది, అసలు దమ్మున్న పని అంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు కరెంటు ఏం చేస్తుందో చూద్దాం. 2000లో జర్మనీలోని గ్యోటింగెన్‌లో నిట్షే, పౌలస్ అనే ఇద్దరు ఒక పేపర్ వేశారు. చేతిని కదిలించే మెదడు భాగం మీద కొన్ని నిమిషాలు బలహీనమైన కరెంటు పంపి, దానికి ముందూ వెనకా టీఎంఎస్ పల్స్ ఇచ్చి చేతి కండరం ఎంత స్పందిస్తోందో కొలిచారు. పాజిటివ్ ఎలక్ట్రోడ్ ఆ భాగం మీద పెడితే స్పందన పెరిగింది, నెగెటివ్ పెడితే తగ్గింది, తేడా 40 శాతం దాకా కనపడింది, పైగా కరెంటు ఆపేశాక కూడా కాసేపు నిలిచింది. మొత్తం ఫీల్డ్‌కి ఊపిరి పోసింది ఆ పేపరే. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఈ కరెంటు న్యూరాన్లని, అంటే మెదడు కణాలని, తనంతట తానే సిగ్నల్ పంపేలా చేయలేదు, అంత బలం దీనికి లేదు. తల చర్మం, పుర్రె దాటేసరికే చాలా భాగం పక్కకి పారిపోతుంది, లోపలికి చేరేది మీటరుకి 1 వోల్ట్ కూడా ఉండదు, ఒక్కో కణం మీద పడే ప్రభావం మిల్లీవోల్ట్‌లో చిన్న వంతు. న్యూరాన్ ఇప్పటికే సిగ్నల్ పంపే అంచున ఉంటే కొంచెం ముందుకి తోస్తుంది, లేకపోతే ఏమీ చేయదు. అంటే ఫలితం కరెంటు చేతిలో కంటే ఆ క్షణంలో మెదడు ఏ స్థితిలో ఉంది అన్న దాని చేతిలోనే ఎక్కువ ఉంటుంది. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే మిగతా కథంతా అర్థమైపోతుంది.

ఎందుకంటే తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఇక్కడివే. 2013లో అదే గ్యోటింగెన్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది, నెగెటివ్ ఎలక్ట్రోడ్‌తో 2 మిల్లీయాంప్‌లు 20 నిమిషాలు ఇస్తే స్పందన తగ్గాల్సింది పోయి పెరిగింది. అంటే డోస్ పెంచితే ప్రభావం పెరుగుతుంది అనుకోవడం కుదరదు, దిశే తిరగబడొచ్చు. 2018లో బుజాకీ ల్యాబ్ వాళ్లు దానం చేసిన మృతదేహాల తలల్లో ఎలక్ట్రోడ్‌లు పెట్టి కొలిస్తే, తల మీద ఇచ్చిన కరెంటులో దాదాపు 75 శాతం చర్మం, పుర్రె దగ్గరే పోతోందని తేలింది. పుర్రె మందం అందరికీ ఒకేలా ఉండదు, మెదడు చుట్టూ ఉండే నీటి పొర మందం కూడా అంతే, కాబట్టి ఇద్దరికి ఒకే 2 మిల్లీయాంప్‌లు ఇస్తే లోపల పడే ఫీల్డ్ ఒకరికి ఇంకొకరి కంటే రెట్టింపు కూడా ఉండొచ్చు. మాత్రల విషయంలో ఇలా ఉంటే మనం ఊరుకుంటామా? బరువు చూసి, కిడ్నీ చూసి డోస్ సరిచేస్తారు. ఇక్కడ మాత్రం అందరికీ ఒకే అంకె.

డిప్రెషన్ ట్రయల్స్ చూడండి. 2017లో బ్రెజిల్‌లో 245 మందితో చేసిన ట్రయల్‌లో టీడీసీఎస్ ప్లసీబో (ఉత్తుత్తి వైద్యం) కంటే మెరుగ్గానే వచ్చింది కానీ ఎస్సిటాలోప్రామ్ అనే మాత్రకి సాటి అని నిరూపించలేకపోయింది. 2023లో జర్మనీలో అప్పటికే మందులు వాడుతున్న వాళ్లకి అదనంగా ఇచ్చి చూస్తే ఉత్తుత్తి కరెంటుకీ అసలు కరెంటుకీ తేడా లేదు. 2024లో ఇంటి దగ్గరే వాడుకునే పరికరంతో 174 మంది మీద 10 వారాలు చేస్తే మళ్లీ మంచి ఫలితం. ఇది చూసి కొంతమంది అంతా ఉత్తదే అంటారు, కొంతమంది మంచి ఫలితం వచ్చిన పేపర్లనే ఏరి చూపిస్తారు. నాకు రెండూ తప్పనిపిస్తుంది. గుడ్డిగా ఇస్తే కొందరిలో తగిలి కొందరిలో తగలకపోవడం అనేది పైన చెప్పిన భౌతికశాస్త్రం ప్రకారం ఊహించాల్సిన విషయమే.

సరే, మరి వినడం ఎలా? మెదడు తన పని తాను చేసుకుంటూ ఉన్నప్పుడు లక్షల న్యూరాన్లు కలిసి ఊగితే తల మీద ఆ అల మైక్రోవోల్ట్‌లలో దొరుకుతుంది. 1924లో జెనాలో హాన్స్ బెర్గర్ మనిషి తల మీద మొదటిసారి పట్టుకున్నది ఇదే, 1929లో గానీ ప్రచురించలేదు. కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా అల బాగా కనిపిస్తుంది, గాఢ నిద్రలో సెకనుకి ఒక్కసారి కంటే కూడా నెమ్మదిగా కదిలే పెద్ద అలలు వస్తాయి. క్లోజ్డ్ లూప్ అంటే ఈ అలని అప్పటికప్పుడు చదివి, దాని ప్రకారం కరెంటు ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మెషీన్ నిర్ణయించడం. ఓపెన్ లూప్ అంటే టైమర్ పెట్టి వదిలేయడం.

వినడం వల్ల నిజంగా తేడా వస్తుందా అంటే నన్ను బాగా కదిలించిన ప్రయోగం 2018లో ట్యూబింగెన్ నుంచి వచ్చింది. జ్రెన్నర్, జీమాన్ బృందం వాళ్లు టీఎంఎస్ పల్సులని మెదడులో చేతిని కదిలించే భాగం దగ్గర ఊగే మ్యూ అనే అల కిందికి దిగిన క్షణానికి సరిగ్గా కలిపి ఇచ్చారు, ఇంకో రోజు అవే పల్సులు అల పైకి లేచినప్పుడు ఇచ్చారు, ఇంకోసారి అల ఎక్కడుందో పట్టించుకోకుండా ఇచ్చారు. అదే మెషీన్, అదే బలం, మారిందల్లా క్షణం. దిగిన చోట ఇచ్చినప్పుడే స్పందన పెరిగి నిలిచింది, మిగతా రెండిట్లో అలా జరగలేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. అయితే మరుసటి ఏడాదే డెన్మార్క్ వాళ్లు అదే అల దశకీ కండర స్పందనకీ సంబంధం దొరకలేదని రాశారు. ప్రయోగం అచ్చంగా అదే కాదు, పద్ధతుల్లో తేడాలున్నాయి, కానీ ఆ పేపర్ పేరు కూడా ఎత్తకుండా మొదటిదాన్నే చెప్పుకుంటూ పోవడం న్యాయం కాదు.

నిద్రలో కథ ఇంకొంచెం స్పష్టంగా ఉంది. 2006లో లిసా మార్షల్, యాన్ బోర్న్ వాళ్లు గాఢ నిద్రలో 0.75 హెర్ట్జ్ లయతో సన్నటి కరెంటు ఇస్తే పడుకునే ముందు నేర్చుకున్న పదాల జతలు పొద్దునకి మెరుగ్గా గుర్తున్నాయని చూపించారు, అది టైమర్ పద్ధతే. 2013లో బోర్న్‌తో కలిసి ఎన్గో అసలు కరెంటే లేకుండా, నిద్ర అల పైకి లేచే సమయానికి చిన్న శబ్దం వినిపిస్తే అలలు పెరిగాయి, జ్ఞాపకం కూడా పెరిగింది, అల లయ తప్పించి వినిపిస్తే పెరగలేదు. 2016లో ఫ్రోలిక్ ల్యాబ్‌లో నిద్రలో వచ్చే స్పిండిల్ అనే చిన్న అలల గుత్తిని మెషీన్ పసిగట్టి, అది వచ్చినప్పుడే టీఏసీఎస్ ఇచ్చారు. నిద్ర అలలు నెమ్మదిగా ఉంటాయి కాబట్టి మెషీన్‌కి ఆలోచించుకునే టైం దొరుకుతుంది, అందుకే అక్కడ ముందు ఫలితాలు వచ్చాయని నా అనుమానం.

మెలకువలో ఆ వెసులుబాటు లేదు. 10 హెర్ట్జ్ ఆల్ఫా అల ఒక చుట్టు తిరగడానికి 100 మిల్లీసెకన్లు. సిగ్నల్ తీసుకుని, ఫిల్టర్ చేసి, నిర్ణయం తీసుకుని, పల్స్ పంపేసరికి 50 మిల్లీసెకన్లు ఆలస్యమైందనుకోండి, అల శిఖరం మీద కొట్టాలనుకున్నది లోయలో పడుతుంది, అంటే మీరు అనుకున్న దానికి సరిగ్గా వ్యతిరేకం. భజనలో తాళం వేసేవాడు దెబ్బ వినపడ్డాక చెయ్యి కలిపితే ఎప్పుడూ వెనకే ఉంటాడు, తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే లోపల లెక్క వేసుకుని ఉండాలి, మెషీన్ కూడా అచ్చం అదే చేయాలి. అందుకే గత అర సెకను, సెకను డేటా చూసి అల వచ్చే కొన్ని పదుల మిల్లీసెకన్లలో ఎటు పోతుందో అంచనా కట్టే లెక్కలు వాడతారు. అల బలంగా ఉన్న మనిషిలో అంచనా బాగా కుదురుతుంది, బలహీనంగా ఉన్నవాళ్లలో తప్పుతుంది. కొంతమందిలో చెప్పుకోదగ్గ ఆల్ఫా అలే ఉండదు, వాళ్లకి ఈ పద్ధతి ఎలా అన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న.

ఇంక నా పనికి దగ్గరైన అసలు తలనొప్పి ఇది. మెదడు సిగ్నల్ పదుల మైక్రోవోల్ట్‌లు, మనం పంపే కరెంటు వల్ల అదే ఎలక్ట్రోడ్‌ల మీద వచ్చే వోల్టేజ్ దానికంటే వేల రెట్లు పెద్దది. ఏముంది, మనం పంపిన అల ఎలా ఉందో మనకి తెలుసు కదా, దాన్ని తీసేస్తే మిగిలింది మెదడే కదా అనిపిస్తుంది. నేనూ చాలామంది కొత్తవాళ్ల నోట ఇదే వింటాను. కానీ 2016లో నూరీ, హిప్, సీగెల్ ఒక అందమైన, అదే సమయంలో నిరుత్సాహపరిచే సంగతి చూపించారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసుకున్నప్పుడల్లా శరీరం నిరోధం రవ్వంత మారుతుంది, దాంతో మనం పంపిన కరెంటు వల్ల వచ్చే ఆర్టిఫాక్ట్, అంటే మెదడుది కాని దొంగ సిగ్నల్ కూడా గుండె లయలో, ఊపిరి లయలో ఊగుతుంది. స్థిరమైన అల అనుకుని తీసేస్తే ఆ ఊగిసలాట మిగిలిపోతుంది, దాన్ని చూసి మెదడు స్పందించింది అని మురిసిపోయే ప్రమాదం ఉంది. స్టిమ్యులేషన్ జరుగుతుండగానే మెదడు అల మారిపోయింది అని ఎవరైనా చూపిస్తే నేను ముందు చూసేది ఆర్టిఫాక్ట్‌ని ఎలా తీశారు అన్నదే, మిగతాదంతా తర్వాత.

అందుకని ఎక్కువమంది ఎంచుకున్న దారి కాసేపు ఇవ్వడం, ఆపడం, వినడం, మళ్లీ ఇవ్వడం. టీఎంఎస్‌లో అయితే పల్స్ క్షణమాత్రం కాబట్టి మధ్య ఖాళీల్లో వినడం తేలిక. ఇంకో దారి కాంతితో రక్తంలోని ఆక్సిజన్ కొలిచే ఎఫ్‌నిర్స్, దానికి కరెంటు గొడవ తగలదు కానీ రక్తం మార్పు న్యూరాన్ కంటే కొన్ని సెకన్లు వెనక వస్తుంది, అల దశ పట్టుకోవడానికి పనికిరాదు, డోస్ మెల్లగా సరిచేయడానికి పనికొస్తుంది.

సేఫ్టీ గురించి. 2016లో బిక్సన్ ఇంకా చాలామంది కలిసి అప్పటిదాకా ఉన్న డేటా అంతా చూశారు, 33,200 పైగా సెషన్లు, పదే పదే తీసుకున్న వాళ్లు వెయ్యి మందికి పైగా, మామూలు పద్ధతుల్లో, అంటే 40 నిమిషాల లోపు, 4 మిల్లీయాంప్‌ల లోపు, ఒక్క తీవ్రమైన హాని గానీ శాశ్వత గాయం గానీ నమోదు కాలేదు. మంచి మాటే. అయితే ఇది పర్యవేక్షణలో, సరిగ్గా ఎంపిక చేసిన వాళ్ల మీద చేసిన సెషన్ల లెక్క. నేను ఒక పరిశోధనలో వాలంటీర్‌గా కూర్చున్నప్పుడు ముందు ఫిట్స్ చరిత్ర ఉందా, తలలో లోహం ఏమైనా ఉందా, పేస్‌మేకర్ ఉందా, ఏం మందులు వాడుతున్నారు అని అడిగారు, చర్మం మీద గీతలున్నాయేమో చూశారు, కరెంటుని అర నిమిషం పాటు మెల్లగా పెంచారు. ఎలక్ట్రోడ్ కింద చీమలు పాకినట్టు దురద, తర్వాత అదీ పోయింది. టెక్నీషియన్ కళ్లు మొత్తం సేపు స్క్రీన్ మీద ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే నిరోధం) అంకె మీదే ఉన్నాయి. ఎందుకంటే ఈ మెషీన్లు కరెంటుని స్థిరంగా ఉంచడానికి వోల్టేజ్ పెంచుతాయి, స్పాంజ్ ఎండిపోతే నిరోధం పెరుగుతుంది, కరెంటు మిగిలిన చిన్న తడి చోటు గుండా పోతుంది, చర్మం కాలుతుంది. నమోదైన కాలిన గాయాలు చాలావరకు ఈ బాపతే.

నా దృష్టిలో రియల్ టైం మానిటరింగ్‌కి మొదటి ఉపయోగం ఇక్కడే. ఇంపీడెన్స్ పెరిగితే ఆగాలి, మనిషి నిద్రలోకి జారుకుంటే ఆగాలి, ఈఈజీలో ఫిట్స్‌కి ముందు వచ్చే లాంటి పదునైన స్పైకులు కనిపిస్తే ఆగాలి. జ్ఞాపకశక్తి పెంచడం, ఫోకస్ పెంచడం అన్నవి ఆ తర్వాతి మాట. ఇంకోటి, ఆల్గారిథం ఎంత తెలివైనదైనా కరెంటు గరిష్ఠ పరిమితి మాత్రం సాఫ్ట్‌వేర్‌లో కాదు సర్క్యూట్‌లోనే ఉండాలి, ఏ కోడ్ ఏం అడిగినా దాటలేనట్టు. తనంతట తాను డోస్ మార్చుకునే మెషీన్ విషయంలో దీని మీద రాజీ పడకూడదు.

లూప్ అన్నది ఊహ కాదనడానికి పుర్రె లోపల పెట్టే పరికరాలు సాక్ష్యం. న్యూరోపేస్ వాళ్ల ఆర్‌ఎన్‌ఎస్ 2013లో అమెరికాలో అనుమతి పొందింది, ఎపిలెప్సీ ఉన్నవాళ్ల మెదడుని 24 గంటలూ వింటూ ఫిట్ మొదలవుతున్న గుర్తులు చూడగానే పల్స్ ఇస్తుంది. 9 ఏళ్ల ఫాలో అప్‌లో ఫిట్స్ మధ్యస్థంగా 75 శాతం తగ్గాయి, అదీ ఏటేటా మెల్లగా మెరుగవుతూ, అంటే ఒక్కో ఫిట్‌ని ఆపడమే కాకుండా కాలం గడిచేకొద్దీ మెదడు నెట్‌వర్కే మారుతోందని చాలామంది అనుకుంటున్నారు. పార్కిన్సన్స్‌కి మెదడు అలని బట్టి తనంతట తాను సర్దుకునే, మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్‌లు పెట్టి కరెంటు ఇచ్చే డీబీఎస్‌కి 2025లో అక్కడే అనుమతి వచ్చింది. వీటికి లోపల ఉండే సౌలభ్యం ఉంది, సిగ్నల్ స్పష్టంగా దొరుకుతుంది. పుర్రె బయట నుంచి చేయాలంటే అదే పని పొగమంచులో చేయాల్సి వస్తుంది, కానీ ఆపరేషన్ అక్కర్లేని దారి దొరికితే ఎంతమందికి అందుతుందో ఆలోచిస్తే ఆ కష్టం పడాల్సిందే అనిపిస్తుంది.

ఇంట్లో సొంతంగా బ్యాటరీ, వైర్లతో చేసుకునే వాళ్లకి ఒక్క మాట, బతిమాలి చెప్తున్నా. 2016లో ఈ ఫీల్డ్‌లో పని చేసేవాళ్లే కొందరు బహిరంగ లేఖ రాశారు, ఒక చోట కరెంటు పెడితే ప్రభావం అక్కడే ఆగదని, ఆ సమయంలో మీరు ఏం చేస్తున్నారో దాన్ని బట్టి ఫలితం మారుతుందని, ఒక సామర్థ్యం పెరిగితే ఇంకోటి తగ్గొచ్చని. ఈ చివరిది భయపెట్టడానికి అన్న మాట కాదు. 2013లో యూకులానో, కోహెన్ కదోష్ చేసిన ప్రయోగంలో ఒక చోట ఇచ్చిన కరెంటు కొత్త అంకెల గుర్తులు త్వరగా నేర్చుకునేలా చేసింది కానీ నేర్చుకున్నది అప్రయత్నంగా వాడే శక్తిని తగ్గించింది, ఇంకో చోట ఇస్తే సరిగ్గా తలకిందులు. పెరిగింది మాత్రమే కొలుచుకునే వాళ్లకి తగ్గింది ఎప్పటికీ తెలియదు.

ఈ డేటా ఎవరిది అన్న ప్రశ్న కూడా ఊరికే వచ్చింది కాదు, 2021లో చిలీ తన రాజ్యాంగంలోనే మెదడు కార్యకలాపాన్నీ దాని నుంచి వచ్చే సమాచారాన్నీ కాపాడాలని చేర్చింది. మిగతా దేశాలు ఎంత త్వరగా ఆ దారి పడితే అంత మంచిది.

ఇక ముందు నేను కళ్లు పెట్టుకుని చూసేది ఒక రకం ట్రయల్ కోసం. క్లోజ్డ్ లూప్‌ని ఉత్తుత్తి కరెంటుతో పోలిస్తే సరిపోదు, ఎందుకంటే గెలిచినా అది కరెంటు గొప్పో, వినడం గొప్పో తెలియదు. ఒకరి మెదడు విని ఇచ్చిన కరెంటు నమూనాని రికార్డు చేసి, అచ్చంగా అదే నమూనాని ఇంకొకరికి వాళ్ల మెదడు వినకుండా ఇవ్వాలి. అదే మొత్తం కరెంటు, అవే ఖాళీలు, అదే దురద, ఇద్దరిలో ఎవరికీ ఏది ఎవరిదో తెలియదు. ట్యూబింగెన్ ప్రయోగంలో అల పట్టించుకోకుండా ఇచ్చిన భాగం ఇలాంటి ఆలోచనే, కానీ అది ఆరోగ్యవంతుల మీద, ఒక్క సెషన్‌కి. దాన్నే డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద, స్ట్రోక్ తర్వాత చెయ్యి ఆడని వాళ్ల మీద, వారాల తరబడి, వందల మందితో చేయాలి, కొన్ని నెలల తర్వాత కూడా పిలిచి కొలవాలి.